ఊడ్పులయ్యాకే ఓట్లు

ఇద్దరు మనుషులు ఒకే దేవుడి ముందు మోకాళ్ళూని, ఒకరు వాన కురిపించమనీ ఇంకొకరు కురిపించవద్దనీ అడిగితే ఆయన ఎవరి మాట వింటాడు? ఈ సందేహం నాకు పెళ్ళి కాకముందు నుంచీ ఉంది. మొదట వచ్చింది కోతల రోజుల్లో. మా గుళ్ళో ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకాయన, పనలు తడవకుండా చూడు ప్రభువా అని కళ్ళు మూసుకున్నాడు. మినుము చల్లుకున్న రెండో ఆయన, ఒక్క జల్లు పడెయ్యి తండ్రీ అన్నాడు. ఇద్దరికీ ఆమెన్ చెప్పినవాణ్ణి నేనే. పాస్టరు గారిని అడిగితే, "దానియేలూ, నువ్వు బట్టలు కుట్టుకోవయ్యా" అన్నారు. చిరాకుతో కాదు, నవ్వుతూనే అన్నారు. అప్పటినుంచీ బట్టలు కుట్టుకుంటూనే ఉన్నాను. సందేహం మాత్రం కుట్టు పడకుండా అలాగే ఉండిపోయింది.

ఈసారి దాన్ని మళ్ళీ లేపింది మా గుడివాడ మున్సిపల్ ఎన్నిక. కథ ఎక్కడ ఆగిందో మరిచినవారి కోసం నాలుగు మాటలు. ఎన్నికల తేదీ వచ్చి శ్రావణమాసం నడిమధ్యన పడింది. సరిగ్గా అప్పుడే మా పేట ఆడవాళ్ళంతా దివిసీమ ఊడ్పులకు వెళ్ళిపోతారు. ఆ ముఠాకి మేస్త్రి మా వదిన ఆనందమ్మ. చనిపోయిన మా అన్న జకరయ్య భార్య. ఈసారి మా వార్డుకి కౌన్సిలరుగా నిలబడతానని ఆవిడ పంతం పట్టింది. ఆవిడకి ఓటు వేసేవాళ్ళంతా ఆ రోజున అవనిగడ్డ అవతల బురదలో ఉంటే ఇక్కడ పెట్టెలో పడేదేమిటి? అందుకని తేదీ మార్చమని అర్జీ పెట్టాం. రాసింది నేను, వేలిముద్రలు పేటవి. ఆ అర్జీ మీద విచారణకు హైదరాబాదు నుంచి ఒక ఆఫీసరు గారు వస్తున్నారని పోయిన వారం కబురు వచ్చింది.

ఇప్పుడున్న కౌన్సిలరు బసవపున్నయ్య గారు. మిల్లు ఉంది, పొలం ఉంది, మాట ఉంది. మళ్ళీ ఆయనే నిలబడతారని ఊరంతా అనుకుంటోంది గానీ, ఆయన మాత్రం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. విచారణ రోజు పొద్దున ప్రార్థన ముగించుకుని వీధిలోకి వచ్చేసరికి ఆయన శివాలయం నుంచి నుదుటి నిండా విభూతితో ఎదురొచ్చారు. తేదీ మార్చకుండా చూడమని మొక్కి వస్తున్నారనుకున్నాను. నేను మార్చమని అడిగి వస్తున్నాను. ఎవరి గుడి వాళ్ళదే అయినా పైన వినేవాడు ఒక్కడే గదా అని నా పాత సందేహం మళ్ళీ చెవిలో గీపెట్టింది.

విచారణ ట్రావెలర్స్ బంగళా వరండాలో. ఆఫీసరు గారి పేరు మాణిక్‌రావు, కరీంనగరం వైపు మనిషి. గుండ్రటి ముఖం, పెద్ద కళ్ళజోడు. మమ్మల్ని చూడగానే లేచి దణ్ణం పెట్టారు. మా పోలమ్మ, ముఠాలో వదిన తర్వాత వదినంతటిది, ఆ దణ్ణానికి బెదిరి రెండడుగులు వెనక్కి వేసింది.

"మీ ఊరికి వచ్చినందుకు నాకు మస్తు సంతోషంగున్నది" అన్నారాయన. "శుభ్రం మీద ఇంత మనసున్న జనాన్ని నేనింకెక్కడా చూడలే."

మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. బంగళా ముందు మురుగుకాలవలో ఒక పంది హాయిగా నిద్రపోతోంది.

"ఆనందమ్మ గారంటే మీరేనా? ఊడ్పులకు మీరే పెద్దనట గదా."

"మేస్త్రినండి."

"మంచిది. నేనొక ఉపాయం ఆలోచించినమ్మా. ఆ రోజు ఊడ్పులు చీకటితోనే మొదలువెట్టి, పోలింగు సురువయ్యేలోపల ముగించున్రి. ఇగ తేదీ మార్చే పనే లేదు."

వదిన నవ్వింది. "తెల్లారేలోపు ఎట్టా అవుద్దండీ? నెల పట్టుద్ది."

"నెలనా! గుడివాడ ఊడ్చేటందుకు నెలనా?"

"గుడివాడ ఒక్కటే అయితే నెలెందుకండీ? ఇక్కడ అయ్యాక దివిసీమ వెళ్తాం. అక్కడినుంచి నాగాయలంక. అట్టా ఊడ్చుకుంటా, ఊడ్చుకుంటా సముద్రం దాకా పోతాం."

ఆఫీసరు గారు కలం కింద పెట్టారు. "సముద్రం దాంక!"

"ఉప్పుగాలి తగిలిందాకా అండి."

"మరి మిమ్ములను పంపేదెవరు?"

"పంపేదేంటండీ, రైతులే కబురు చేస్తారు. బళ్ళు కట్టి మరీ తీసుకెళ్తారు. ఆలస్యమైతే ఇంటికొచ్చి బతిమాలతారు."

"ఊడ్చేందుకు బతిమాల్తరా!" ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "సరే. వాన వస్తే మాత్రం ఆపేస్తరు గదా?"

"వానొస్తే ఆపడమేంటండీ? చూసేదే వాన కోసం. కాలు మునిగేంత నీళ్ళుంటేనే ఊడ్పు బాగుంటది."

"నీళ్ళల్ల ఊడుస్తరా?"

"పొడి నేల ఎక్కడన్నా ఊడుస్తారండీ?" అని వదిన ఎదురడిగింది.

పోలమ్మ ఇక ఆగలేకపోయింది. "వంగి, వెనక్కీ వెనక్కీ జరుక్కుంటా ఊడవాలండి బాబూ. సాయంత్రానికి నడుం మనది కాదు."

ఆయన మొహంలో జాలి కనిపించింది. "అయ్యో తల్లీ. గంత కష్టమెందుకు? పొడుగు కట్టె చీపుర్లుంటయి. వాటితోటి నిలవడి ఊడువచ్చు. అందరికీ తలా ఒకటి మంజూరు చెయ్యమని నేను రాస్త."

వదిన పైట బొడ్లో దోపింది. ఆవిడ అలా దోపిందంటే ఎదుటివాళ్ళు జాగ్రత్త పడాలని మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

"ఏవండీ, దూరం నుంచి వచ్చారని మర్యాదగా మాట్లాడుతున్నాను. వీధులూడ్చేవాళ్ళు మా పేటలోనూ ఉన్నారు. వాళ్ళ పని వాళ్ళది, తక్కువేం కాదు. మా పని మాది. అడిగినదానికి సమాధానం చెప్తుంటే చీపుళ్ళిస్తానని ఎకసెక్కాలాడతారేంటి?"

"ఎకసెక్కం గాదమ్మా, ప్రమాణంగ!" ఆయన గాభరాగా అర్జీ తీసి చదివారు. "మీరే గద రాసిన్రు, 'మా ఆడవారందరును ఊడ్పులకు పోవుదురు గనుక' అని. ఊడ్చేటందుకు చీపురు గాక ఇంకేం గావాలె?"

"నారు కావాలి!"

"నారా?"

"నారండీ. నారు లేకుండా ఏం పెట్టి ఊడుస్తాం?"

"ఏం నారు? వరి నారా?"

"వరి నారు కాక చీపురు నారుంటుందా?" అంది పోలమ్మ.

ఆయన కళ్ళజోడు తీసేశారు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. నారు, నీళ్ళు, వంగుడు, వెనక్కి నడుచుడు. ఉన్నట్టుండి బల్ల మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచారు.

"అరెరెరె! నాట్లు! నాట్లమ్మా అవి! నాట్లేసుడు!"

"అయితే మీ వైపు నాట్లంటారా?" అన్నాను.

"నాట్లే అంటం. మాకు ఊడ్చుడంటే వాకిలి ఊడ్చుడే. మీ అర్జీ జూసి మా ఆఫీసుల అందరం ముచ్చటవడ్డం. ఊరి ఆడోళ్ళంతా పనులిడిసిపెట్టి నెల రోజులు ఊరు ఊడుస్తరంట, ఎంత మంచి ఆచారమో అని! మా పెద్దసారైతే, మన దిక్కు గూడ పెట్టిస్తె బాగుండు అన్నడు."

ఇక చూడాలి ఆ వరండా. పోలమ్మ స్తంభం పట్టుకుని కూలబడింది. వదిన బొడ్లో దోపిన పైట లాగి కళ్ళు తుడుచుకుంది. ఆఫీసరు గారు అందరికన్నా పెద్దగా నవ్వారు. పక్క కుర్చీలో అంతసేపూ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న బసవపున్నయ్య గారు కండువా నోటికడ్డం పెట్టుకుని ఎగిరెగిరి పడుతున్నారు. కాలవలో పంది కూడా లేచి కూర్చుంది.

మా ఆవిడ మార్తమ్మ నా భుజం పొడిచింది. "నేననలేదూ, నాట్లని కూడా పక్కన రాయండీ అని?"

"ఎప్పుడన్నావే?"

"మనసులో అనుకున్నాను."

ఆఫీసరు గారు అంతటితో ఊరుకోలేదు. కళ్ళతో చూడందే రాయనన్నారు. దివిసీమలో ఊడ్పులింకా మొదలవలేదు గానీ, పెదపారుపూడి రోడ్డు పక్కన బసవపున్నయ్య గారి మెరక చేలో ముందుగానే వేస్తున్నారు. జీపులో ఆయన, కౌన్సిలరు గారు, వదిన, పోలమ్మ, వెనక వేలాడుతూ నేను. జీపు ఆగీ ఆగకముందే చేలో ఆడవాళ్ళు తలలెత్తారు.

ఊడ్పుల చేలో మాకొక మర్యాద ఉంది. గట్టు మీదికి కొత్తమనిషి వస్తే, కాళ్ళ ముందు నారుకట్ట అడ్డం వేసేస్తారు. ఏదో ఒకటి ముట్టచెప్పందే దాటనివ్వరు. కలెక్టరైనా, కట్టుకున్నవాడైనా అంతే. మేం హెచ్చరించేలోపే ఆఫీసరు గారి బూట్ల ముందు ఒక కట్ట వచ్చి దబ్బున పడింది. బురద ఆయన కోటు దాకా చిందింది.

"ఏం ఇయ్యమంటరు?" అని ఆయన జేబులు తడుముకున్నారు.

"పైసలెవరిక్కావాలండీ! ఒక పాట పాడండి, వదిలేస్తాం" అని చేలోంచి ఎవరో అరిచారు. ఊరికే ఏడిపించడానికే. పంట్లాం వేసుకున్నవాళ్ళు పాడరని వాళ్ళ ధైర్యం.

ఆయన ఒక్క క్షణం గట్టున నిలబడ్డారు. తర్వాత బూట్లు విప్పి, పంట్లాం మడిచి చేలోకి దిగారు. దిగి పాడారు. చిన్నప్పుడు వాళ్ళమ్మ వెంట పోయినప్పుడు విన్న నాట్ల పాటట. మాటలు సగం మాకు కొత్త, రాగమూ కొత్తే. అయినా రెండో చరణానికల్లా చేలో చేతులన్నీ ఆ పాట ప్రకారమే పడుతున్నాయి. మూడో చరణానికి వెనకపాట అందుకున్నారు, ఎక్కడ అందుకోవాలో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఎండగా ఉన్నా సన్నగా తుంపర మొదలైంది. గుళ్ళో ఎన్నో పండగలు చూశాను గానీ, ఆ గట్టు మీద నా గుండె నిండినట్టు ఎప్పుడూ నిండలేదు. ఇలా రాయవచ్చో లేదో మరి.

పాట అయ్యాక ఆయన నాలుగు మొక్కలు నాటారు కూడా. వదిన వాటిని పరీక్షగా చూసి, "రేపటికి తేలిపోతాయండీ" అంది.

"తేలితే తేలనీ. ఓట్లు మాత్రం తేలకుండ చూద్దాం" అంటూ ఆయన గట్టెక్కారు. కాళ్ళు కడుక్కుని, ఇక ఆఫీసరు గొంతుతో అన్నారు. "వినాయకచవితి దాటినంక పెట్టుమని నేను రాస్త. కాని ఇప్పుడున్న కౌన్సిలరు గారికి అభ్యంతరముంటే అది గూడ రాయాలె. ఏమంటరు సార్?"

అందరి చూపులూ బసవపున్నయ్య గారి మీదికి తిరిగాయి. ఆయన కాదంటే కాగితం మళ్ళీ హైదరాబాదు వెళ్ళాలి. అది తిరిగొచ్చేలోపు బళ్ళు దివిసీమ దారి పట్టేస్తాయి. వదిన నిలబడీ లేనట్టే.

"నాకెందుకండీ అభ్యంతరం?" అన్నారాయన. "పొద్దున గుళ్ళో మొక్కుకుని వచ్చిందే అది. ఎలక్షనని ముఠాలన్నీ ఎక్కడివక్కడ వదిలేసి ఊళ్ళోకొస్తే నా నారు ముదిరి గడ్డయిపోద్ది. దివిసీమలో మా బావమరిది చేలగతీ అంతే. మావాళ్ళు మటుకు ఎక్కడుంటారు? గట్లమీదే. ఓట్లు కాకులొచ్చి వేస్తాయా?"

పొద్దున వీధిలో ఎదురుపడ్డ రెండు ప్రార్థనలు ఎదురెదురువి అనుకున్నాను. కాదట. రెండూ ఒకటేనట. విభూతి పెట్టుకున్న నుదురు చూసి, అడిగిందేమిటో అడక్కుండానే నేనే వాటికి తగువు పెట్టాను. అలాగని నా సందేహం తీరిపోలేదు. పనలాయనా మినుములాయనా ఇంకా ఆ బల్ల మీదే కూర్చున్నారు. కానీ దేవుడికి పని పెంచేది ఒక్కోసారి మనమేనేమో అనిపించింది.

ఆఫీసరు గారు సాయంత్రం బండెక్కే ముందు పోలమ్మ ఆయన చేతిలో ఒక నారుమొక్క పెట్టింది. పెద్దసారుకు చూపించండి, చీపురు కాదని చెప్పండి అంది.

పొద్దువాలే వేళకి మా వదిన ముంగిట్లో పేటంతా ఉంది. ఎవరో డప్పు వేడిచేస్తున్నారు. మార్తమ్మ గిన్నెడు బెల్లం పరమాన్నం కాచి తెచ్చింది. ఓట్లు పడ్డట్టే, వదిన గెలిచినట్టే ఉంది సందడి. ఆ సందట్లో వీధి మొదట్లో ఎడ్లబండి వచ్చి ఆగింది. బండి తోలుకొచ్చింది బసవపున్నయ్య గారే. పాలేరు లేడు. ఆయన దిగి, వెనకనుంచి పెద్ద నారుకట్ట ఒకటి తానే భుజాన వేసుకుని నడిచి వస్తున్నారు. నీళ్ళు కారి జుబ్బా ఒక పక్కంతా తడిసింది. ఆయనా ఆయన తండ్రీ మా పేట ముంగిళ్ళ దాకా వచ్చినవాళ్ళే గానీ, బరువు మోసుకుని రాగా ఎవరూ చూడలేదు. డప్పు ఆగింది.

నేను కట్ట అందుకోబోయాను. ఆయన పక్కకు జరిగారు.

"నీకు కాదు దానియేలూ. ఆనందమ్మకి."

వదిన లేచి నిలబడింది. నిరుడు దాకా ఆయన్ని బాబుగారూ అనేది. నిలబడతానని చెప్పిన నాటినుంచీ పేరు పెట్టి గారు చేరుస్తోంది. "ఏంటి బసవపున్నయ్య గారూ ఇది?"

"అప్పు."

"నాకా? మీరా?"

"మీ ఆయనకి." కట్ట దించకుండానే చెప్పడం మొదలుపెట్టారు. "బుడమేరు పొంగిన ఏడు నా నారుమడి మునిగి కుళ్ళిపోయింది. చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు. జకరయ్యకి కౌలు చేలో కాస్త మిగిలిందని తెలిసి వచ్చి అడిగాను. తెల్లవారేసరికి పీకి, కట్టలు కట్టి, నా గట్టు మీద దించి వెళ్ళాడు. పేటనుంచి నారు తెచ్చుకున్నానని నలుగురికీ తెలిస్తే నామోషీ అనిపించింది. ఎవరికీ చెప్పొద్దన్నాను."

"చెప్పలేదు" అంది వదిన మెల్లగా. "నాక్కూడా."

"చెప్పడని నాకూ తెలుసు. డబ్బివ్వబోతే చెయ్యి చాపలేదు. నారప్పు నారుతోనే తీరాలండీ, లేకపోతే రెండు చేలకీ అచ్చిరాదు అన్నాడు. సరేలే, వచ్చే ఏడు ఇద్దాం అనుకున్నాను. వచ్చే ఏటికి ఆ కౌలు పోయింది. చేను లేనివాడికి నారు ఎక్కడ దించను? ఆ తర్వాత మనిషే లేకుండా పోయాడు."

నాకు మా అన్న నవ్వు గుర్తొచ్చింది. నోట్లో మాట దాచుకున్నప్పుడు ఆయన ఎడమ పక్కగా నవ్వేవాడు.

"ఈ ఏడు మీ సంఘం పొలం చెక్క నువ్వు కౌలుకి పుచ్చుకున్నావని ఇందాక జీపులో పోలమ్మ చెప్పింది. నారు లేక వెతుక్కుంటున్నావట. ఇది మా ఇంటి మడిలోది, ముదరలేదు. మిగతా కట్టలు బండిలో ఉన్నాయి."

వదిన కళ్ళు మెరుస్తున్నాయి.

"ఇంకో మాట కూడా చెప్పేసి పోతాను" అన్నారు బసవపున్నయ్య గారు. "మళ్ళీ నిలబడతావా అని ఊరంతా అడుగుతోంది. నోరు మెదపలేదు. బాకీ ఉన్న ఇంటి మీదికి పోటీకి ఎట్టా వస్తాను చెప్పు? ఇవాళతో బాకీ లేదు. కొత్త తేదీ చాటింపు పడ్డ పొద్దున్నే మొదటి నామినేషన్ నాదే. గెలవడానికే నిలబడుతున్నాను, మొహమాటానికి కాదు."

మార్తమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నేను వదిన వైపు చూశాను. ఆవిడ చెయ్యి బొడ్డు దగ్గరికి వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. ఆవిడ నవ్వింది, పొద్దున వరండాలో నవ్విన నవ్వే.

"మొదటిది నాదండీ. నేను ముందురోజే వచ్చి గుమ్మంలో కూర్చుంటాను."

"కూర్చో. నేను నీ వెనకే చాప వేసుకుంటా."

"అలాగే వేసుకోండి. ఇప్పుడైతే కట్ట ఇవ్వండి, వేళ్ళు ఆరిపోతున్నాయి."

ఆవిడ రెండు చేతులూ చాచింది. ఆయన వంగి, కట్టను ఆ చేతుల్లో పెట్టారు. నీళ్ళు ఆవిడ కొత్త చీర మీదుగా జారి మట్టిలో ఇంకాయి. వదిన కట్టను కళ్ళకద్దుకుని, మా అన్న తరఫున, అందరూ వినేలా అంది.

"ముట్టింది."